స్పీకర్లు మార్చాక కారులో బేస్ తగ్గిందా? బాక్స్ కొనే ముందు ఇవి చూడండి

కంపెనీ ఇచ్చిన స్పీకర్లు తీసేసి, పేరున్న 6.5 అంగుళాల స్పీకర్లు నాలుగు డోర్లకీ వేయించారు. పాట పెడితే గొంతు స్పష్టంగా వస్తోంది, తాళాలు, గజ్జెలు అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి, కానీ డ్రమ్ దెబ్బ పడాల్సిన చోట అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. పాతవే నయం కదా అనిపిస్తుంది. షాపుకెళ్లి "అన్నా, బేస్ రావట్లేదు" అంటే ఆయన చెయ్యి నేరుగా 12 అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్) బాక్స్ వైపు చూపిస్తుంది. కొంచెం ఆగండి. ఇలాంటి కార్లలో ఎక్కువ శాతం బేస్ పుడుతూనే ఉంటుంది, పుట్టినచోటే చచ్చిపోతుంటుంది. దాన్ని కాపాడుకోకుండా డిక్కీలో ఇంకో బాక్స్ పెడితే డోర్లు అలాగే బోలుగా మోగుతాయి, వెనక నుంచి మాత్రం గుమ్ గుమ్ అని వేరే శబ్దం వస్తుంది, రెండూ కలవవు.

ఎందుకు చచ్చిపోతుందో ఒక్క నిమిషం చూద్దాం, ఇది అర్థమైతే మిగతా పనంతా తేలిక. స్పీకర్ కోన్, అంటే మధ్యలో ఊగే గిన్నెలాంటి భాగం, ముందుకి కదిలినప్పుడు దాని ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ ఒకచోట కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పై స్వరాలకి ఈ బెడద పెద్దగా ఉండదు, వాటి అలలు చిన్నవి, ఎటు పంపితే అటే పోతాయి. 40 హెర్ట్జ్, అంటే సెకనుకి 40 సార్లు ఊగే బేస్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే నాలుగు మీటర్ల లోపుండే మన హ్యాచ్‌బ్యాక్‌లకి రెండింతల పైనే. అంత పొడవైన అలకి డోర్లో చిన్న కంత దొరికినా చాలు, వెనక నుంచి చుట్టూ తిరిగొచ్చి ముందు అలని తినేస్తుంది. ఎడమ స్పీకర్ ముందుకి పోతున్నప్పుడు కుడిది వెనక్కి పోతున్నా జరిగేది ఇదే.

కాబట్టి ముందు చెయ్యాల్సింది పైసా ఖర్చులేని పరీక్ష. కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, అద్దాలెక్కించి, బేస్ బాగా ఉన్న కొత్త పాట ఒకటి పెట్టండి. అరవైల నాటి సినిమా పాటలతో ఈ పరీక్ష చెయ్యకండి, వాటి రికార్డింగులోనే అడుగు స్వరాలు తక్కువ, స్పీకర్‌ని తిట్టి లాభం లేదు. స్టీరియోలో ఫేడర్ (శబ్దాన్ని ముందుకీ వెనక్కీ పంచేది) పూర్తిగా ముందుకి తిప్పి, బ్యాలెన్స్ (ఎడమకీ కుడికీ పంచేది) పూర్తిగా ఎడమకి పెట్టి వినండి, తర్వాత పూర్తిగా కుడికి, తర్వాత మధ్యలోకి. రెండు స్పీకర్లూ కలిసి మోగుతున్నప్పుడు బేస్ పెరగాలి. మధ్యలోకి తేగానే బేస్ మాయమై, ఒక్కవైపు పెట్టినప్పుడే బాగుందనిపిస్తే మీ రోగం దొరికింది: ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తారుమారయ్యాయి. వెనక జతకీ ఇలాగే చూడండి. ఆపైన ముందు జత, వెనక జత విడివిడిగా బాగుండి, ఫేడర్ మధ్యలో పెడితే చప్పబడుతున్నాయేమో కూడా చూడండి, ఎందుకంటే ముందు రెండూ తిరగబడి వెనక రెండూ సరిగ్గా ఉన్న కార్లు కూడా ఉంటాయి.

వైర్లు విప్పే ముందు సెట్టింగులు. బయట కొన్న స్టీరియోల్లో చాలావాటికి హై పాస్ ఫిల్టర్ ఉంటుంది, సెట్టింగుల్లో హెచ్.పి.ఎఫ్. అని కనిపిస్తుంది. అది 120 హెర్ట్జ్ దగ్గర పెట్టి ఉంటే అంతకన్నా కింది శబ్దం డోర్ స్పీకర్లకి సరిగా వెళ్లదు. సబ్‌వూఫర్ ఉన్నవాళ్లకి ఆ సెట్టింగు అవసరం, లేనివాళ్లు దాన్ని ఆఫ్ చెయ్యాలి, లేదా 50, 60 దగ్గర పెట్టుకోవాలి. ఫోన్లో ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించేది), పాటల యాప్‌లో ఇంకో ఈక్వలైజర్, స్టీరియోలో మూడోది ఇలా మూడుచోట్ల తిప్పేసి ఉంటే అన్నీ ఫ్లాట్ చేసి, అంటే సున్నాకి తెచ్చి మొదలుపెట్టండి. బ్లూటూత్‌లో ఫోన్ వాల్యూమ్ సగంలో ఉంచి స్టీరియో ఒక్కటే పెంచేవాళ్లున్నారు, ఫోన్‌ది దాదాపు ఫుల్లుగా పెట్టండి. పాట ఫైలు నాసిరకం అందుకే బేస్ లేదు అని షాపుల్లో చెబుతుంటారు, నాకైతే ఆ మాట మీద నమ్మకం లేదు: ఎంపీత్రీలో బిట్‌రేట్ తగ్గించినప్పుడు ముందుగా కోతపడేది పై స్వరాలకి, బేస్‌కి కాదు. కావాలంటే అదే పాట పెన్‌డ్రైవ్‌లో వేసి విని పోల్చుకోండి.

కంపెనీ స్టీరియో ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. వాల్యూమ్ 10లో ఉన్నప్పుడు బేస్ బాగుండి 25కి పెంచగానే పలచబడుతోందంటే అది లోపం కాకపోవచ్చు. చవక స్పీకర్లు చిరిగిపోకుండా వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్‌ని తనంతట తనే తగ్గించేలా కొన్ని కంపెనీ స్టీరియోలని తయారుచేస్తారు. స్పీకర్లు ఎంత మంచివి వేసినా దాని పని అది చేసుకుపోతుంది.

సరే, ప్లస్ మైనస్ సంగతి. దీనికి పెన్సిల్ సెల్ ఒకటి, రెండు వైరు ముక్కలు చాలు. స్పీకర్ కనెక్షన్ ఊడదీసి, సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి పొంగితే సరిగ్గా ఉన్నట్టు, లోపలికి పోతే తిరగబడినట్టు. స్పీకర్ వెనక వైర్లు తగిలించే రెండు పలకల్లో సాధారణంగా వెడల్పుది ప్లస్, సన్నది మైనస్. డోర్లు విప్పకుండానే చూడాలంటే స్టీరియోని డాష్‌బోర్డ్ నుంచి బయటికి లాగి, వెనకున్న కప్లర్ (వైర్లన్నిటినీ కలిపే ప్లగ్గు) ఊడదీసి, ఆ వైర్ల దగ్గరే సెల్ తాకించొచ్చు, ఒకళ్లు డోర్ దగ్గర కూర్చుని జాలీలోంచి కోన్ ఎటు కదులుతుందో చూడాలి. మధ్యలో కంపెనీ యాంప్లిఫయర్ (సిగ్నల్‌కి బలమిచ్చే పెట్టె) ఉన్న కార్లలో మాత్రం ఇలా చెయ్యకూడదు. ట్వీటర్ల (పై స్వరాల చిన్న స్పీకర్లు) మీద కూడా సెల్ ప్రయోగం వద్దు. బయట స్టీరియోల వెనక వైర్లకి రంగులు దాదాపు అన్ని కంపెనీలకీ ఒకటే: ముందు ఎడమకి తెలుపు, ముందు కుడికి బూడిద, వెనక ఎడమకి ఆకుపచ్చ, వెనక కుడికి ఊదా, నల్ల గీత ఉన్నది మైనస్. కారు వైపు వైర్ల రంగులు మాత్రం ఏ మోడల్‌కి ఆ మోడల్ వేరు, షాపులో కుర్రాడు తడబడేది అక్కడే, ముఖ్యంగా కప్లర్ వాడకుండా వైర్లు కోసి మెలిపెట్టి టేప్ చుట్టే చోట. ఇంకొక్క జాగ్రత్త, స్పీకర్ మైనస్ వైరుని బాడీ ఎర్త్‌కి తాకించకండి, స్టీరియో లోపలి ఐసీ చిప్ కాలిపోవచ్చు.

విప్పినప్పుడే మల్టీమీటర్‌తో స్పీకర్ ఓమ్స్ (కరెంటుకి అది ఇచ్చే అడ్డు) కూడా చూసుకోండి. 4 ఓమ్స్ స్పీకర్ మీటర్ మీద మూడూ మూడున్నర మధ్య చూపిస్తుంది. కొన్ని కార్లలో కంపెనీ స్పీకర్లు 2 ఓమ్స్‌వి ఉంటాయి, వాటి స్థానంలో 4 ఓమ్స్‌వి వేస్తే స్టీరియో నుంచి అవి తీసుకునే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది. కొత్తవి మెల్లగా మోగుతున్నాయంటే ఇదొక కారణం. పాత కారైతే కోన్ అంచు చుట్టూ ఉండే ఫోమ్ వేడికి పొడి రాలుతోందేమో చూడండి, రెండు బొటనవేళ్లతో కోన్‌ని సమంగా, మెల్లగా నొక్కి వదలండి, గరగరమంటే లోపల కాయిల్ రాసుకుంటోంది, ఆ స్పీకర్ పనైపోయినట్టే.

ఇప్పుడు అసలు విషయం, డోర్. స్పీకర్ కంపెనీ వాళ్లు డబ్బా మీద రాయనిది, షాపువాళ్లు ఓపిక లేక వదిలేసేది ఇదే. స్పీకర్‌కి డోరే పెట్టె. ఆ పెట్టె లోపలి రేకుకి మీ అరచెయ్యి దూరేంత కంతలు నాలుగైదు ఉంటాయి, అద్దం మోటార్ బిగించడానికి, లాక్ రాడ్ల కోసం వదిలినవి, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం ఒకటి అంటించి ఉంటుంది. అది వాన నీళ్లు లోపలి ట్రిమ్‌కి (డోర్ మీది ప్లాస్టిక్ తొడుగు) తగలకుండా ఉండటానికే, గాలిని ఆపలేదు. బయటి రేకు సంగతి చెప్పక్కర్లేదు, వేలితో కొడితే డబ్బాలా మోగుతుంది. కంపెనీ స్పీకర్లని ఈ కంతల డోర్‌ని దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తారు, ప్లాస్టిక్ రింగు, చుట్టూ ఫోమ్ అన్నీ దానికే అతికి వస్తాయి. బయట స్పీకర్ పెట్టినప్పుడు ఆ రింగు పోయి, రేకుకీ స్పీకర్‌కీ మధ్య సందు మిగులుతుంది. పాతవే నయం అనిపించడానికి ముఖ్య కారణం ఈ సందే.

ట్రిమ్ విప్పడానికి ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీసి కొద్దిసేపు ఆగండి. సైడ్ ఎయిర్‌బ్యాగ్‌ల కోసం కొన్ని కార్ల డోర్లలో గాలి ఒత్తిడిని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. అలాంటి డోర్‌కి సీలింగ్ పని సొంతంగా చెయ్యకండి, లోపలి గాలి ఒత్తిడి మీదే అది ఆధారపడుతుంది కాబట్టి ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. సెన్సర్ లేకపోతే నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు. హ్యాండిల్ గిన్నెలో, లాక్ వెనక దాక్కున్న స్క్రూలు ముందు తియ్యాలి, తర్వాత అంచుల్లో క్లిప్పులు, దీనికి ప్లాస్టిక్ పట్టీ వాడండి, స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడతాయి. క్లిప్పులు ఒకటో రెండో విరుగుతాయి, ముందే నాలుగు ఎక్కువ కొనిపెట్టుకోండి.

కావాల్సింది బ్యూటైల్ షీటు, అంటే జిగురుండే మెత్తటి రబ్బరు షీటు, పైన అల్యూమినియం రేకు ఉండేది, 2 మిల్లీమీటర్లది సరిపోతుంది. దీనికి బదులు చవగ్గా దొరుకుతుందని స్లాబ్ లీకులకి వేసే తారు షీటు అంటించేవాళ్లు ఉన్నారు. మన దగ్గర మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలబెట్టిన కారు డోర్ ఎంత వేడెక్కుతుందో తెలిసిందే, ఆ తారు కరిగి కిందికి జారి అద్దం మెకానిజానికి అంటుకుంటుంది, వాసన వేరే. వద్దు.

బయటి రేకు లోపలివైపు దుమ్ము, జిడ్డు తుడిచి, ముందు స్పీకర్‌కి సరిగ్గా వెనకుండే భాగానికి షీటు అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కండి. బయటి రేకు మొత్తం కప్పక్కర్లేదు, పావు నుంచి మూడో వంతు కప్పినా మోత చాలావరకు ఆగిపోతుంది. డబ్బు పెట్టాల్సింది లోపలి రేకు మీద, అక్కడ కంతలన్నీ మూసుకోవాలి. పెద్ద కంతల మీద షీటు ఒక్కటే అంటిస్తే అది డోలు చర్మంలా ఊగుతుంది కాబట్టి కింద పల్చటి అల్యూమినియం ముక్కో, గట్టి ప్లాస్టిక్ ముక్కో స్క్రూలతో బిగించి దాని మీద షీటు వెయ్యండి, రేపు అద్దం మోటార్ పాడైతే ఆ ముక్క ఒక్కటి విప్పితే చాలు. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయొద్దు, ఒక్క వానాకాలం చాలు డోర్ తుప్పు పట్టడానికి. షీటు అంటించాక అద్దం ఒకసారి పైకీ కిందికీ నడిపి చూసి, అప్పుడు ట్రిమ్ బిగించండి.

స్పీకర్ రింగుకి ఎమ్.డి.ఎఫ్. (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక) వాడొద్దు, తడి తగిలితే ఉబ్బి పొరలు పొరలుగా లేస్తుంది. మెరైన్ ప్లైవుడ్ లేదా ప్లాస్టిక్ రింగు తీసుకోండి. రింగుకీ రేకుకీ మధ్య, స్పీకర్‌కీ రింగుకీ మధ్య ఫోమ్ పట్టీ, అన్ని రంధ్రాలకీ స్క్రూలు, రెండు స్క్రూలతో సరిపెట్టడం కుదరదు. స్పీకర్ ముందు అంచుకీ ట్రిమ్ జాలీకీ మధ్య కూడా మెత్తటి ఫోమ్ రింగు పెడితే శబ్దం ట్రిమ్ లోపల తిరక్కుండా నేరుగా మీ వైపు వస్తుంది. ముందు రెండు డోర్లకి ఇంత చేస్తే చాలు, వెనక డోర్ల మీద అదే డబ్బు పెట్టడం నా లెక్కలో దండగ, నడిపే మనిషికి వినిపించేదంతా ముందు నుంచే. డిక్కీ మీది పలకలో 6×9 ఓవల్ స్పీకర్లు ఉన్నవాళ్లు మాత్రం ఆ అట్ట పలక కింద ప్లైవుడ్ ఒకటి కోయించి స్పీకర్లని దానికి బిగించండి, అట్ట ఊగినంతసేపు బేస్ రాదు.

ఇదంతా అయ్యాక కూడా డోర్ స్పీకర్ల నుంచి ఎంత ఆశించొచ్చు? కిక్ డ్రమ్ దెబ్బ, డగ్గా గుమకం, బేస్ గిటార్‌లో చాలా భాగం వినిపిస్తాయి. బాగా బిగించిన 6.5 అంగుళాల స్పీకర్ 60, 70 హెర్ట్జ్ దాకా దిగుతుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్, సీటు వణికించేది ఆ చుట్టుపక్కలే ఉంటుంది, దానికి సబ్‌వూఫర్ కావాల్సిందే. స్టీరియో డబ్బా మీద 4×50 వాట్స్ అని ఉన్నా ఛానెల్‌కి నిలకడగా ఇచ్చేది 20 వాట్స్ అటూ ఇటూ. పీ.ఎమ్.పీ.ఓ. (క్షణకాలం లెక్క, పెంచి చెప్పేది) అంకెలు చూసి ఏదీ కొనకండి, ఆర్.ఎమ్.ఎస్. (నిలకడగా ఇచ్చే పవర్) ఎంతో అడగండి, చెప్పలేకపోతే ఆ సరుకు వద్దు. ఇంకోటి, నిలబెట్టినప్పుడు బేస్ బాగుండి 80 స్పీడులో మాయమైతే అది స్పీకర్ లోపం కాదు, టైర్ల చప్పుడు సరిగ్గా ఆ అడుగు స్వరాల్నే కప్పేస్తుంది.

సబ్ కొనేటప్పుడు కారు, మనిషి అవసరం రెండూ చూసుకోవాలి. సి.ఎన్.జి. సిలిండర్ డిక్కీని మింగేసిన కారుకి సీటు కింద పెట్టే 8 అంగుళాల యాక్టివ్ సబ్ (యాంప్లిఫయర్ లోపలే ఉండేది) ఒక్కటే సుఖమైన దారి, సీటు కింద వైరు లాగేటప్పుడు గ్యాస్ పైపు ఎటు పోతోందో చూడకుండా డ్రిల్ పెట్టొద్దు. అది ఇల్లు అదరగొట్టదు గానీ డోర్లకి లేని అడుగు భాగాన్ని నింపుతుంది, రోజూ ఆఫీసుకెళ్లే మనిషికి చాలు. డిక్కీ ఖాళీగా ఉన్న హ్యాచ్‌బ్యాక్‌కి 10 లేదా 12 అంగుళాల సబ్, మూసిన బాక్స్. చిన్న కేబిన్ తనంతట తనే కింది స్వరాల్ని పెంచుతుంది కాబట్టి మూసిన బాక్స్ అక్కడ బాగా పలుకుతుంది, దెబ్బ దెబ్బకీ తేడా తెలుస్తుంది. రంధ్రమున్న పోర్టెడ్ బాక్స్ శబ్దం ఎక్కువిస్తుంది, కానీ కొలత సబ్‌కి సరిపడకపోతే ఒకే స్వరం పట్టుకుని గుమ్మంటూనే ఉంటుంది. పెళ్లి బరాత్ ముందు పెట్టే మోత కావాలంటే అది, పాట వినాలంటే మూసినది. కంపెనీ స్టీరియో ఉంచుకునేవాళ్లు స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే యాంప్లిఫయర్ అడగండి, వైర్లు కొయ్యకుండా కప్లర్‌తోనే చెయ్యమనండి, వారంటీ దగ్గర గొడవలు తగ్గుతాయి.

పవర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు ఉండాలి. అది లేకపోతే వైరు ఎక్కడ ఒరుసుకున్నా కారు అంటుకోవచ్చు, దీంట్లో మొహమాటం పనికిరాదు, ఫ్యూజు పెట్టనంటే వేరే షాపు చూసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరుని రాగి వైరని అమ్ముతారు, కొస గీకి చూస్తే తెల్లగా బయటపడుతుంది. ఎర్త్‌ని సీటు బెల్టు బోల్టుకి బిగించకుండా, బాడీ మీద పెయింట్ గీకి వట్టి రేకుకి, వీలైనంత పొట్టి వైరుతో ఇవ్వాలి. గట్టిగా పాట నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, యాంప్లిఫయర్ దగ్గర వోల్టేజ్ కొలవండి, అర వోల్టు కన్నా తేడా ఉంటే వైరో ఎర్తో బాగోలేదు. అప్పుడు షాపువాళ్లు కెపాసిటర్ (కరెంటుని కాస్త దాచి ఇచ్చేది) పెడదాం అంటారు, ముందు ఎర్త్ బాగుచెయ్యమనండి.

యాంప్లిఫయర్ మీద గెయిన్ అనేది వాల్యూమ్ బటన్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే తిరుగుడు. మల్టీమీటర్‌తో ఇలా పెట్టుకోవచ్చు: సబ్ వైర్లు తీసేసి, ఈక్వలైజర్ ఫ్లాట్ చేసి, బేస్ బూస్ట్ సున్నా పెట్టి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్‌ని స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర ప్లే చెయ్యండి, యాంప్ ఔట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టేజ్ చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. ఎంత దగ్గర ఆపాలంటే వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తియ్యండి, 4 ఓమ్స్ మీద 100 వాట్స్‌కి 20 వోల్టులు, 200 వాట్స్‌కి 28. వాట్స్ అంటే సబ్, యాంప్ రెండింట్లో తక్కువ ఆర్.ఎమ్.ఎస్. ఉన్నదాని అంకె. తర్వాత యాంప్‌లో లో పాస్ ఫిల్టర్ (పై స్వరాల్ని ఆపేది) 80 హెర్ట్జ్, డోర్లకి హై పాస్ 80. ఇక్కడ డోర్లకి ఆ ఫిల్టర్ పెట్టడం మర్చిపోతే మళ్లీ రెండూ ఒకే స్వరాన్ని లాక్కుంటాయి. సబ్ కోన్ ఊగే దిశని తిప్పే ఫేజ్ స్విచ్ 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి, ఎటు పెడితే దెబ్బ నిండుగా వినిపిస్తే అదే సరైనది, డిక్కీ దగ్గర నిలబడి విని నిర్ణయించొద్దు.

చివర్లో కిర్రు కిర్రులు. 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే టోన్ ఒకటి తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, తమ్ముణ్ణో స్నేహితుణ్ణో లోపల కూర్చోబెట్టి, ఏ స్వరం దగ్గర ఏది వణుకుతోందో చేత్తో నొక్కుతూ వెతకండి. డోర్ లాక్ రాడ్‌కి ఫోమ్ పట్టీ చుట్టండి, వైర్ల కట్టకి గుడ్డ టేప్. డిక్కీ వైపు మోత వస్తే ఎక్కువసార్లు అది నంబర్ ప్లేటే, దాని వెనక నాలుగు మూలలా ఫోమ్ టేప్ ముక్కలు అంటించి మళ్లీ బిగించండి.